కథ ముగిసిన పిదప ఆట

(పాఠశాల వార్షిక సమ్మేళనమున ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



ఏటేట ఈ సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములు సకాలమున అందకపోవుటను గూర్చియు, విద్యార్థుల సంఖ్యను గూర్చియు మాటలాడుట మీ రెఱిగినదే. ఆ సంగతులన్నియు ఈ యేడు కార్యదర్శిగారి నివేదికలో వచ్చినవి. కావున మేము వేరొక విషయమును ప్రస్తావించుటకు అనుమతి వేడుచున్నాము. వీడియో ఆటలను గూర్చి, అందును కథతో కూడిన ఆటలను గూర్చి మాటలాడ దలచితిమి. వెనుక వరుసలలో బాలురు సంతోషించుచున్నారు. ముందు వరుసలలో పెద్దలు ఒకరి ముఖము లొకరు చూచుకొనుచున్నారు. కొంచె మోపిక పట్టుడని ప్రార్థన.

దసరా సెలవులకు ముందు ఒక తల్లిగారు మా కార్యాలయమునకు వచ్చిరి. ఆమె భర్త మరమగ్గముల కార్ఖానాలో పనిచేయుచుండి నిరుడు వానకాలమున గతించిరి. ఆమె బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. కుమారుడు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి. పేరు చెప్పము. ఈ సంగతి సభలో చెప్పుటకు తల్లియు, కుమారుడును అనుమతించిరి. ఆమె చెప్పిన మాట ఇది: "సార్, ఆట అయిపోయింది అంటడు. మళ్ల ఆడుతనే ఉంటడు. అయిపోయినంక ఏమాడుతడు సార్?"

ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. విచారింపగా, పూణెలో ఉద్యోగము చేయుచున్న పెదతండ్రి కుమారుడు తన పాత కంప్యూటరును అందలి ఆటలతో సహా ఈ బాలున కిచ్చి పోయినట్లు తెలిసినది. ఆటను మాన్పించుట సులభమే. కాని మాన్పించుటకు ముందు అది యేమో చూడవలెనని మాకు తోచినది. ఆదివారములందు వాని ప్రక్కన కూర్చుంటిమి. ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పినవారము, రెండు మాసములు పాఠము వింటిమి.

రోల్ ప్లేయింగ్ గేమ్ అనబడు ఈ జాతి ఆటలో ఆడువాడు ఒక పాత్రను ధరించును. గ్రామము నుండి బయలుదేరును. తోవలో తోడు దొరకును. ఎదురైన మృగములతోను, రక్కసులతోను పోరాడిన కొలది అనుభవము పెరుగును. అనుభవమునకు అంకె కలదు. ఊరివారితో మాటలాడవలెను, వారు చెప్పునది చదువవలెను. చివరకు లోకమునకు కీడు తలపెట్టిన ప్రతినాయకుని ఓడించిన పిమ్మట, సినిమాలో వలె పనివారి పేర్లు తెరపై సాగిపోవును. అది కథాంతము. ఒక్కొక్క ఆటకు ఇది పదుల గంటల పని. అయితే పెక్కు ఆటలలో ఆ పేర్లు పోయిన పిదప కూడ ద్వారములు తెఱచియే యుండును. అంతకుముందు లేని గుహలు, మరింత బలవంతులగు శత్రువులు, దొరకని వస్తువులు అప్పుడు వచ్చును. పిల్లలు దీనిని పోస్ట్‌గేమ్ అందురు. మేము కథానంతర భాగమని చెప్పుకొందము. ఆ తల్లిగారి ప్రశ్నకు మొదటి సమాధాన మిదియే.

ఈ రెంటిలో ఏది ముఖ్యమని ఆడువారిలో పెద్ద వివాదము కలదు. కథ బాగుండిన చాలునని కొందఱు. కథ పదుల గంటలలో తీరిపోవును, ఆ తరువాత నెలల తరబడి చేయుటకేమైన ఉన్నదా, అదియే ఆట విలువ అని కొందఱు. మా తొమ్మిదవ తరగతిలోనే రెండు పక్షములున్నవని తెలిసి ఆశ్చర్యపడితిమి. వ్యాకరణమునందు ఇంత శ్రద్ధ చూపి యుండిన బాగుండెడిది.

మొదటి దినములలో ఈ వివాదమునకు తావు లేదు. 1986లో జపాను దేశమున ఎనిక్స్ అను సంస్థ యూజీ హోరీ రచించిన డ్రాగన్ క్వెస్ట్ అను ఆటను వెలువరించెను. ఆ కార్ట్రిడ్జిలో ఆడినంతవరకు భద్రపరచు సాధనము లేదు. ఆట ఆపునపుడు తెరపై ఇరువది అక్షరముల వరుస యొకటి కనబడును; దానికి పునరుజ్జీవన మంత్రమని పేరు. మరునాడు ఆ అక్షరములను తప్పులేకుండ నెక్కించిననే ఆట సాగును. మరుసటి ఏట వచ్చిన రెండవ భాగమున ఆ వరుస ఏబదిరెండు అక్షరముల వరకు పెరిగినది. ఒక్క అక్షరము తప్పు వ్రాసికొన్నచో శ్రమయంతయు వ్యర్థము. చూచివ్రాతను ఇంత నిష్ఠతో నేర్పిన ఉపాధ్యాయుడు మా యెఱుకలో లేడు.

1988లో వచ్చిన మూడవ భాగములో హోరీ ఒక చమత్కారము చేసెను. రాక్షసుడు చచ్చును, వీరుడు ఇల్లు చేరును, రాజు సభ తీర్చి ఉత్సవము చేయించును. అంతయు ముగిసినదని ఆడువాడు ఊపిరి పీల్చుకొనుచుండగా అంతకు మించిన ప్రతినాయకుని కంఠము వినబడును. భూమి క్రింద వేరొక లోకము తెఱచుకొనును. దిగి చూడగా అది మొదటి ఆటలో తాను తిరిగిన దేశమే! మొదటి ఆటలో పూర్వికుడుగా కీర్తింపబడిన వీరుడు తానేయని కడపట తెలియును. ముగింపు తరువాతిదని తోచినది నిజమునకు కథలోని ప్రధాన భాగమై కూర్చున్నది. మాకు ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది.

ఇట్టిదే మరియొకటి పోకెమాన్ ఆటలలో కలదు. ఆ పేరు మీ ఇండ్లలో వినియే యుందురు. 1996లో జపానులో మొదటి జత వచ్చినది. 1999లో గోల్డ్, సిల్వర్ అను రెండవ జత వచ్చినది. అందు బాలకుడు జోటో దేశమున ఎనిమిది పతకములు గెలిచి, విజేతను ఓడించును; పేర్లు సాగిపోవును. పిమ్మట ఓడ యెక్కి కాంటో దేశమునకు, అనగా మొదటి ఆట జరిగిన దేశమునకు, పోవచ్చును. మూడేండ్లు గడచినవి. అగ్నిపర్వతము బ్రద్దలై ఒక ద్వీపమందలి ఊరు నశించినది. అచ్చటి గురువు ఒక గుహలో కొలువు తీర్చి యున్నాడు. తెలిసిన ముఖములే, కొంచెము మారిన బ్రతుకులు. అచ్చట మరి ఎనిమిది పతకములు. కడపట సిల్వర్ పర్వతమున గుహాంతరమున ఒక బాలుడు ఒంటరిగా నిలిచి యుండును. పలుకరించిన మాటలాడడు, చుక్కలు మాత్రమే కనబడును. అతడు మొదటి ఆటలో ఆడువాడు ధరించిన పాత్రయే. గెలిచిన పిమ్మట ఏమియు చెప్పక మాయమగును.

మన పూర్వ విద్యార్థి యొకరు, ఇప్పుడు చద్దరుల దుకాణము నడుపువారు, బాల్యమున మేనమామ మస్కట్ నుండి తెచ్చిన గోల్డ్ కార్ట్రిడ్జిని మాకు చూపిరి. ఆ ఆటలో పగలు రాత్రి తెలుపు గడియార మొకటి యున్నది. అందలి చిన్న బ్యాటరీయే భద్రపరచిన ఆటను కూడ నిలుపును. బ్యాటరీ తీరినది, ఆయన రెండేండ్లు శ్రమించి కూడబెట్టిన జీవములన్నియు పోయినవి. కాని ఆ పర్వతముపై మౌన బాలకుని గూర్చి ఆయన మాకు అరగంట చెప్పిరి. ఎన్ని జీవములను పట్టితివని అడుగగా అంకె గుర్తు లేదనిరి.

ఇంతవరకు విన్నవారు, ఉపాధ్యాయుడు కథానంతర భాగమునకే ఓటు వేయుచున్నాడని తలపవచ్చును. లేదు. 2010లో వచ్చిన బ్లాక్, వైట్ అను పోకెమాన్ ఆటలు చూడుడు. అంతకుముందు తరముల జీవము లొక్కటియు ప్రధాన కథ ముగియువరకు ఆడువానికి దొరకవు. నూట ఏబదియాఱు క్రొత్త జీవములతోనే నడువవలెను. పరిచయమైన బొమ్మలను దాచిపెట్టుట వ్యాపారమునకు సాహసమే. కథయు సాహసమైనదే. జీవములను పట్టి, పోరాటములకు పెట్టుట న్యాయమా అని ఆటయే తన్ను తాను ప్రశ్నించుకొనును. ఎన్ అను యువకుడు జీవముల పలుకులు వినగలవాడు. వానిని మనుష్యుల చెర నుండి విడిపింపవలెనని నమ్మినవాడు. అతనిని ముందు నిలిపి వెనుక నుండి రాజ్యము కోరు పెద్దమనిషి వేరొకడు. కడపటి పోరు ముగిసి, ఎన్ వీడ్కోలు చెప్పి పోవు ఘట్టమును మా బాలుడు మూడు మారులు మాకు చూపెను. ఆ తరువాత దేశపు తూర్పు భాగము తెఱచుకొనును. తప్పించుకొని తిరుగు వృద్ధులను వెదకి పట్టు పని యొకటి వచ్చును. బాగుగనే యున్నది. అయిన నది పని, ముందున్నది కథ.

కథానంతర భాగము ఎందుకు పెరిగినదో తల్లిదండ్రులు తెలిసికొనవలెను, ఏలయన ఇందు సొమ్ము ప్రసక్తి కలదు. ఆట వెల పెద్దది. కథ ముగిసిన వెంటనే కొన్నవాడు దానిని పాతసరుకు దుకాణమునకు అమ్మివేయును. వాడిన ఆటలను తిరిగి అమ్ముట తప్పు కాదని జపాను సర్వోన్నత న్యాయస్థానము 2002లో తీర్పు చెప్పినది. కొన్నవాడు ఆటను తన యొద్దనే యుంచుకొనుటకు కారణ ముండుట తయారుచేయువారికి లాభము. ఇంకొక మెట్టు పైకి పోయి, 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ అను పోకెమాన్ ఆటలకు 2020లో రెండు క్రొత్త ప్రాంతములను వేరుగా వెలకట్టి అమ్మిరి. అమ్ముట నేరము కాదు. కాని పిల్లవాడు "ఇంకా ఉన్నది" అన్నప్పుడు, ఆ ఇంకా ఉన్నది కథయో, వెలయో అడిగి తెలిసికొనుట మన పని.

కథ నడుమనే ఇట్టి పనులు దూరినచో ఏమగునో 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 చూచిన తెలియును. దానికి కథానంతర భాగమే లేదు, ముగిసిన ముగిసినదే. కావున అదనపు సాహసములన్నియు ముగింపునకు ముందే పెట్టిరి. ఆకాశమున ఉల్క వ్రేలాడుచుండును. లోకమునకు ఏడు దినములే గడువని కథ చెప్పును. ఆడువాడో, బంగారు వన్నె గల చొకోబో పక్షిని పుట్టించుటకై పక్షుల పందెములు కట్టుచు నెలలు గడుపవచ్చును. ఉల్క కదలదు. మొదటి భాగమున ఏరిత్ అను యువతి మరణించు ఘట్టమున పిల్లలు కన్నీరు పెట్టుకొన్న ఆటయే ఇది. అట్టి కథకు ఈ పక్షుల పందెము తగదని మా అభిప్రాయము. మా అభిప్రాయమునకు తరగతిలో ఒక్క ఓటును రాలేదు.

ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమును యుద్ధకాండముతో ముగింపగా, ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచవిభుడును, విట్ఠలరాజును రచించిరి. మా తండ్రిగారు పారాయణమును పట్టాభిషేకముతో ఆపి పానకము పంచెడివారు. మా అవ్వగారు మాత్రము సీతమ్మ తరువాత ఏమైనదో చెప్పనిదే లేచెడివారు కారు. ఆ ఇద్దఱిలో ఎవరిది సరియో మేము నేటికిని తేల్చుకొనలేదు. మన పాఠశాలకు పిల్లలను పంపుటకు వెనుదీయువారు సైతము అడుగునది ఈ ప్రశ్నయే కదా: "పది అయినంక ఏముంది సార్?" పదివరకు ఏమున్నదో వారు అడుగరు.

ఇక మా బాలుడు ఆడుచుండిన ఆట. అది డ్రాగన్ క్వెస్ట్ 11. జపానులో 2017లో వచ్చినది. ఇందు వెరోనికా అను మంత్రగత్తె కలదు. బాలికా రూపము పొందినది, మాట పదును. ఆమె కవల చెల్లెలు సెరీనా. కథ నడుమ ప్రతినాయకుడు లోకవృక్షపు శక్తిని హరింపగా ఆ మహావృక్షము కూలును. కూలుచుండగా వెరోనికా తన శక్తినంతయు ధారవోసి తోటివారి నందఱిని కాపాడును. ఆమె బ్రతికి యున్నదని చాల దూరము వరకు ఆడువాడు ఆశపడును. స్వగ్రామము చేరిన పిమ్మట గాని ఆమె లేదని తెలియదు. సెరీనా తన పొడవైన జుట్టును కత్తిరించుకొని, అక్క భారము తాను మోయుటకు లేచును. ప్రతినాయకుడు ఓడును. పేర్లు సాగిపోవును. శోకముతో కూడినదైనను నిండైన ముగింపు.

ఆ తరువాతి భాగములో, వీరునకు కాలమును వెనుకకు త్రిప్పగల అవకాశము దొరకును. అతడొక్కడే పోవలెను; తోడు ఎవ్వరును పోరాదు. పోయి, వృక్షము కూలక ముందటి దినమునకు చేరి, వెరోనికాను బ్రతికించుకొనును. అచ్చటి మిత్రులకు జరిగినదేదియు జ్ఞాపక ముండదు, ఏలయన వారికి అది జరుగలేదు. ఆ పిదప మునుపటి కంటె ఘోరమైన శత్రువుతో పోరు.

ఆడువారిలో ఇదియే పెద్ద తగవు. వెరోనికా త్యాగమును వమ్ముచేసినారని కొందఱు, ఇదియే అసలైన ముగింపని కొందఱు. మేము మొదటి పక్షము. మరణమును తుడిచివేసిన కథకు బరువు పోవునని, సెరీనా కత్తిరించుకొన్న జుట్టునకు అర్థము లేకపోవునని, ఉపాధ్యాయ ధోరణిలో కొంత ఉపన్యసించితిమి. బాలుడు వినుచుండెను. పిమ్మట నెమ్మదిగా అడిగెను: "సార్, ఆడ మిగిలిన దోస్తులు ఏమైతరు?"

మాకు వెంటనే బోధపడలేదు. వీరుడు వెనుకకు పోయినాడు సరే. అతనికి వీడ్కోలు చెప్పిన మిత్రులు, వెరోనికా లేని లోకములోనే నిలిచియున్నవారు, వారికిప్పుడు వీరుడును లేడు. వా రేమైనారు? ఆట ఆ వైపు తిరిగి చూడదు. ఈ బాలుడు నెలల తరబడి ఆ భాగమును మరల మరల ఆడినది క్రొత్త ఖడ్గముల కొఱకు కాదట. ఎక్కడనైనను, ఏ ఊరివాని మాటలోనైనను, ఆ మిగిలినవారి సంగతి దొరకునేమో యని ప్రతి ఇల్లు తట్టి చూచుచుండెనట. ఆంగ్లము కష్టమైన చోట నిఘంటువు దగ్గర పెట్టుకొనెను. ఈ ఆటలో తెలుగు లేదు.

ఆ దినము మేము ఎక్కువ మాటలాడలేదు. తండ్రి పోయిన ఇంటిలో, కాలమును వెనుకకు త్రిప్పుటను గూర్చి కవితా న్యాయము చెప్పిన మా తొందరపాటు మాకు సిగ్గు కలిగించినది. ఆ భాగము కథను చెఱచినదని మా అభిప్రాయ మింకను అట్లే యున్నది. కాని చెఱచిన చోటనే ఈ పిల్లవానికి తన ప్రశ్న దొరికినది. దీనిని ఏ పక్షమున చేర్చవలెనో మాకు తెలియదు.

తల్లిదండ్రులకు మా విన్నప మొకటి. "ఎంతసేపు ఆడితివి?" అని మాత్రమే అడుగకుడు. "ఎంతవరకు వచ్చినది? ఏమైనది?" అని అడుగుడు. చెప్పగలిగిన, కథ నడుచుచున్నది. "ఇంకను అంకె పెంచుకొనుచున్నాను" అని మాత్రమే చెప్పిన, కంప్యూటరు మూయింపవచ్చును. పెద్ద నష్టము లేదు. ఒక వారము అడిగి చూడుడు, మీకే తెలియును. గడియారము చూడవలదని మే మనుట లేదు. పరీక్షల మాసమున ఏ కథయైనను ఆగవలసినదే.

మార్గశిర మాసము నుండి శనివారము కడపటి పీరియడులో, తాము ఆడిన ఆటలోని కథను ఒక్కొక్కరు తెలుగులో చెప్పునట్లు ఏర్పాటు చేసితిమి. మొదటివారము ఒకడు "వాడు వచ్చిండు, కొట్టిండు, అయిపోయింది" అని కూర్చుండెను. నాలుగవవారము నాటికి ప్రతినాయకుని తల్లిని గూర్చి తగవులాడుకొనుచుండిరి. మన బాలుడు చెప్పుటకు లేవలేదు. ఒక నోటుపుస్తకము తెచ్చి బల్లపై నుంచి పోయెను. వీరుడు వెళ్లిపోయిన పిమ్మట ఆ లోకములో మిగిలినవారి కథ, పదునొకండు పుటలు. సెరీనా జుట్టు మరల పెరుగువరకు వచ్చి ఆగినది. మేము అక్షరదోషములు మాత్రము దిద్ది ఈ ఏటి సంచికకు ఇచ్చితిమి. తరువాతి భాగము వేసవి సెలవులలో వ్రాసెదనని చెప్పినాడు.

ఆ తల్లిగారు ఈ సభలోనే కూర్చుండి యున్నారు. అమ్మా, ఆదివారము రెండు గంటలు ఆడనిండు. వ్రాయుటకు మరి యొక గంట దీపముంచుడు. కాగితములు పాఠశాల ఇచ్చును.